నలభై ఒకటో పట్టీ

ఆరింటికి నేనొచ్చేసరికి
బలటాన్ సరస్సు మజ్జిగ తేట రంగులో ఉంది.
రాత్రి చలికి లోపలి గాలి ముడుచుకుని
రబ్బరు కోట మెత్తబడింది,
జారుడుబల్ల నడుం వంచింది.
ప్రెషర్ గేజ్ ముల్లు అబద్ధమాడదు,
మనమే తొందరపడి చదువుతాం.

బ్లోయర్ వేసి,
బకెట్‌లో సబ్బునీళ్లతో
కుట్లన్నీ తడుముకుంటూ మోకాళ్ల మీద పాకాను.
బుడగ లేచిన చోట గాయం.
ఇవాళ ఒక్కటే దొరికింది, పసుపు మెట్టు కింద,
నిద్రలో చంటిపిల్ల తెరిచిన నోరంత.
అతుకు వేసి, దాని మీద మోకాలు ఆనించి
నూరు లెక్కపెట్టాను.

తిహమేర్ అడుగుకి దిగాడు.
రెండు నిలువుల లోతు, పదకొండు లంగర్లు.
ఒక్కో గొలుసూ గుంజి చూసి పైకొచ్చి
వేళ్లు చూపిస్తాడు.
పదకొండో వేలు లేదు కాబట్టి
రోజూ ముక్కు చూపిస్తాడు.
పందొమ్మిదేళ్లు వాడికి.

పదింటికి జనం.
నేను చెప్పేది వినరని తెలుసు, అయినా చెబుతాను:
జాకెట్ భుజం దగ్గర పట్టుకు లాగితే చెవుల దాకా రాకూడదు.
ఉంగరాలు తీసేయండి.
కిందివాడు పక్కకి తప్పుకున్నాకే పైవాడు జారాలి.
కోట కిందికి ఎవరూ, ఎప్పుడూ,
జారిపోయిన కళ్లజోడు కోసమైనా వెళ్లొద్దు.

ఇక్కడ నా గొంతు మారుతుందట.
టికెట్ల కిటికీలోంచి ఎమొకె అంటుంది.
మారదా మరి?
ఆ కింద చీకటి.
బతికించాల్సిన జాకెట్టే
మనిషిని పైకి నొక్కి, రబ్బరుకి అంటించి
వదలదు.

మూడు దాటింది.
నీళ్ల మీద అరవై ముగ్గురు,
నా బోర్డు మీద అరవై మూడు ఖాళీ కొక్కేలు.
బాకోన్ కొండల వెనక ఆకాశం పాత సీసంలా నల్లబడింది.
ఒడ్డున తుఫాను దీపం మొదలెట్టింది,
నిమిషానికి నలభై ఐదు మెరుపులు.
తొంభై అయితేనే అందరూ బయటికి రావాలని రూలు.
నేను తొంభై దాకా ఆగను.
మూడు పొడవాటి ఈలలు వేశాను.

"ఎండ కాస్తోంది కదమ్మా,
మాకింకా పదిహేడు నిమిషాలుంది," అన్నాడొకాయన
టోపీ పిండుకుంటూ.
నేను పట్టీ కోసం చెయ్యి చాచాను.

అరవై రెండు.
మళ్లీ లెక్కపెట్టాను. అరవై రెండే.
నలభై ఒకటో కొక్కెం
ఊడిన పన్ను చోటులా ఉంది.

తిహమేర్ అడగలేదు, దూకాడు.
ట్రాంపొలిన్ కింద. పైకొచ్చాడు, తల అడ్డంగా ఊపాడు.
వంతెన కింద. మళ్లీ ట్రాంపొలిన్ కింద,
మొదటిసారి తన చేతుల్ని తనే నమ్మనట్టు.
గాలి వచ్చింది.
కోట మొత్తం గొలుసుల మీద మూలిగింది.
దీపం ఇప్పుడు తొంభై కొడుతోంది,
నా గుండె కూడా దాని లెక్కే పట్టుకుంది.
ఏడుసార్లు మునిగాడు.

ఎనిమిదోసారికి ఊపిరి తీసుకుంటుంటే
ఒడ్డున ఎమొకె రెండు చేతులూ ఊపింది.
లాంగోష్ బండి దగ్గర దొరికాడట.
ఎనిమిదేళ్ల వాడు. జాకెట్ ఒంటిమీదే ఉంది,
మూతి నిండా పుల్లటి మీగడ.
పక్కతాడు పట్టుకుని దిగిపోయాడు.
"ఆకలేసింది," అన్నాడు.

వాడి మీద అరవలేదు.
ఆ తాడు దగ్గర ఒక మనిషి నిలబడాలి.
జూన్‌లో జీతాల కాగితం మీద
ఆ మనిషిని కొట్టేసింది నా పెన్నే.

తిహమేర్ బ్లోయర్ వెనక్కి వెళ్లి
తాగిన సరస్సంతా కక్కాడు.
దుప్పటి కప్పి టీ ఇచ్చాను.
కప్పు వాడి పళ్లకి తగిలి చప్పుడైంది.
టోపీ ఆయన అప్పటికీ వరసలోనే ఉన్నాడు,
పదిహేడు నిమిషాల డబ్బు కోసం.
ఇచ్చేశాను. చిల్లరతో సహా.

రాత్రి రిజిస్టర్ రాశాను.
గాలి వేగం. అతుకు: ఒకటి. గాయాలు: లేవు.
ఆ ఆరు నిమిషాలు రాయడానికి
దాంట్లో గడి లేదు.
రేపట్నుంచి తాడు దగ్గర ఎమొకె తమ్ముడు ఉంటాడు,
జీతం మాట్లాడాను.

నలభై ఒకటో పట్టీని కొక్కేనికి తగిలించాను.
రెండుసార్లు కడిగినా
వెల్లుల్లి వాసన పోలేదు.