వేడినీటి గుండం

షెడ్డు వ్యాను ఆకివీడు సెంటర్లో దింపేసరికి
రాత్రి పదకొండు.
వేళ్లు నావి కావు, ఐసువి.
గ్లౌజు చిరిగిన చోట బొటనవేలు
వలిచిన రొయ్యలా తెల్లగా ముడుచుకుంది.

మా దీవెనరాజు ఇంకా పడుకోలేదు.
ఫోనులో వాడి మనిషికి కత్తిపోట్లు,
ప్రాణం గీత ఎర్రగా, గోరంత.
"ఉండక్కా, గుండానికి తీసుకెళ్తన్నా."

మంచుకొండ మీద
నల్లరాళ్ల మధ్య పొగలు కక్కే నీళ్లు.
మంచుని ఐసు దిమ్మల్లో తప్ప నేనెప్పుడూ చూళ్లేదు.
ఆ మనిషి చెప్పులైనా విప్పకుండా దిగాడు.
మోకాళ్లు, నడుం, మెడ.
గీత మెల్లగా పచ్చబడుతోంది.
ఎన్ని కిలోలైందని
ఎవరూ వెనక నిలబడి అడగడం లేదు.

మాకు మాత్రం నీళ్లకేం కొదవ?
గోదారి కాలవ, రొయ్యల చెరువులు,
ఏరేటర్లు రాత్రంతా చిలికే ఉప్పదనం,
వానలకి గుమ్మం దాటొచ్చే ఉప్పుటేరు.
నానబెట్టడం తప్ప మరో విద్య రాదు వాటికి.

గీత నిండింది. వాడు పైకి లేపబోతుంటే
"ఉండనీరా కాసేపు" అన్నాను.
"నిండాక ఉంటే ఏం రాదక్కా, దండగ."
"అవనీ."

వాడు నవ్వి, ఫోను నా చేతుల్లో పెట్టి
చారు వెచ్చబెట్టడానికి లేచాడు.
సాయంత్రం నుంచీ ఆడీ ఆడీ
దాని వీపు
పొదిగే కోడి కింద గుడ్డులా ఉంది.
రెండు చేతులా పట్టుకున్నాను.

వేళ్లు ఒక్కొక్కటే తిమ్మిరి వదులుతున్నాయి.
తెర మీద ఆ మనిషి
కళ్లు తెరవలేదు.

బ్యాటరీ ఏడు శాతం.
చాల్లే,
వ్యాను మళ్లీ అయిదింటికి గదా.