గోళీ ఎటు దొర్లితే

ముందే చెబుతున్నాను, లోర్నా, బెట్టీనా,
కొనమని గాని వద్దని గాని
నా నోటి నుంచి రాదు.
మూడు గంటలు పడుతుంది. బూట్లు తడుస్తాయి.
నా వెంట తిరగండి,
లేదా వంటింట్లో కూర్చుని
గోడల రంగుల గురించి పోట్లాడుకోండి.
చాలామంది చేసేది అదే.

దులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా చలికాలమే.
కింద సుపీరియర్ సరస్సులో
మంచు పలకలు పళ్ళు నూరుతున్నాయి.
మంచి రోజే.
మంచు కరిగే రోజున ఏ ఇల్లూ అబద్ధమాడలేదు.

గుమ్మంలోకి రాగానే బిస్కట్ల వాసన.
అది అమ్మేవాళ్ళ ఏజెంటు పని.
పాతికేళ్ళు బేకరీ నడిపిన ముక్కు మీది బెట్టీనా,
"పొట్లం పిండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.
నాకు అప్పుడే నచ్చారు మీరు.

కప్పుతో మొదలుపెట్టాను.
నిచ్చెన పట్టుకోనక్కర్లేదు,
నాకు అరవై ఒకటి గాని దానికి నాలుగే.
తారు పలకలు మరో అయిదు శీతాకాలాలు ఓర్చుకుంటాయి.
ఆరోదానికి నేను పూచీ పడను.
పొగగొట్టం ఇటుకల మధ్య సున్నం
వేలితో గీకితే
మీ బల్ల మీద పిండిలా రాలింది.

అటకలో బోర్లా పాకాను.
చలికి ఎవరో కుక్కిన పాత వార్తాపత్రికలు,
నిద్ర చెడగొట్టానని విసుక్కున్న ఒక గబ్బిలం.
దాన్నీ రాసుకున్నాను. నాలుగో పేజీ.

గోడలకి చెవులుంటాయంటారు.
నేను చూసినంతలో వాటికి ఉన్నది నోరు.
ఈ మీటరు ముల్లు ఆనిస్తే చాలు,
పోయిన వారం వేసిన తెల్లరంగు కింద నుంచి
ఇరవై ఎనిమిది శాతం తేమ అని గొణుగుతాయి.
ఇల్లంతా వదిలేసి ఒక్క గోడకే రంగేశారంటే
నేనక్కడ ఆగుతాను.
పైన పటారం.
మిగతా సగం మీరే అనుకోండి.

నేలమాళిగలోకి రండి. తల జాగ్రత్త.
ఇది నీళ్ళ హీటరు, పద్దెనిమిదేళ్ళది,
ఈ ఏడే ఓటు హక్కొచ్చింది.
ఇది ఫ్యూజుల పెట్టె.
మూత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాను, మీరు చూళ్ళేదు.
గుడ్డ చుట్టిన తీగలు. ఇంకా ప్రాణంతో ఉన్నాయి.
బీమావాళ్ళు అడుగుతారు, దాచకండి.
మురుగు గొట్టంలోకి కెమెరా పంపితే
ముప్పై అడుగుల దగ్గర బర్చ్ చెట్టు వేళ్ళు
జుట్టు విరబోసుకుని కూర్చున్నాయి.
ఈ చిన్న డబ్బా రెండు రోజులు ఇక్కడే ఉంటుంది,
రాతిలోంచి ఊరే వాసన లేని గాలిని లెక్కపెడుతూ.
కదపొద్దు. కిటికీలు తెరవొద్దు.
తెరుద్దామన్నా పదకొండిట్లో నాలుగు తెరుచుకోవు.

ఇప్పుడు గోళీ.
లేజరు పరికరం బండిలో ఉంది, ఖరీదైనదే.
ఇది మా అబ్బాయిది,
ముప్పై ఏళ్ళ కింద అరువడిగి తిరిగివ్వలేదు.
హాలు మధ్యలో వదిలాను.
ఒక్క క్షణం ఆలోచించింది.
తర్వాత బయల్దేరింది, తొందరేమీ లేనట్టు,
పియానో కాళ్ళు చేసిన గుంటల పక్కనుంచి,
గడప లేని గుమ్మం దాటి,
తూర్పు కిటికీ కింద ఆగింది.

లోర్నా, మీ పెన్ను కూడా అక్కడే ఆగింది.
బెట్టీనా మోకాళ్ళ మీద కూర్చుని
గోళీని కాదు, కిటికీలోంచి చూశారు.
"ఇక్కణ్ణుంచి ఖనిజం ఓడలు కనిపిస్తాయే" అన్నారు.
అవును.
తొంభై ఏళ్ళుగా ఈ ఇల్లూ అటే చూస్తోంది,
చూస్తూ చూస్తూ అటే ఒరుగుతోంది.
కొండ మట్టి అలాంటిది.
ఒరగడం ఆగిందా, ఇంకా ఉందా,
నేను చెప్పలేను. దానికి ఇంజనీరు వేరు, ఫీజు వేరు.

గోడ లోపల ఏముందో చూడలేను.
వచ్చే జనవరిని చూడలేను.
ఒకే స్నానాలగదిలో
యాభై దాటిన అక్కచెల్లెళ్ళ పొత్తు
ఎన్నాళ్ళు నిలుస్తుందో
కొలిచే మీటరు నా దగ్గర లేదు.

వరండాలో బూట్ల లేసులు కట్టుకుంటుంటే
అందరూ అడిగేదే మీరూ అడిగారు:
"మీరైతే కొంటారా?"

మా ఇంట్లో నేనెప్పుడూ
గోళీ వేసి చూసుకోలేదండీ.

రిపోర్టు రేపు సాయంత్రానికి పంపిస్తాను.
నలభై మూడు పేజీలు, ఫోటోలతో.
రాత్రిపూట చదవకండి.
అన్నట్టు బెట్టీనా,
ఆ పిడికిట్లోది ఇలా ఇవ్వండి.