ఇసుక నింపుడు

గోదావరి బ్రిడ్జి ఎక్కంగనే
బస్సుల సగం మంది చిల్లర వెతుకుతరు,
నీళ్లల్ల రూపాయి వేసి దండం పెట్టేటందుకు.
నేను టిక్కెట్టు మిషన్ సంకకు ఆనిచ్చుకొని
కిటికీ దిక్కు చూడకుండ నిలవడుత.
ఇరవై రెండేండ్లాయె ఈ రూటుల.
చూడకున్నా తెలుస్తది
ఎన్నో పిల్లర్ మీదున్నమో.

అప్పుడు నది ఇంత నిండుగ లేకుండె.
ఎండకాలమొస్తే సన్నటి పాయ,
మిగిలినదంత ఇసుక.
మా క్వార్టర్ నుంచి మూడు సందులు దాటి
కట్ట దిగి
అరికాళ్లు కాలుకుంట ఉరికితే
పుచ్చతీగల నడుమ ఓదెలోల్ల గుడిసె.
చేత్తోని తవ్వితే చెలిమె ఊరేది.
మొదటి నీళ్లు మురికి, పారబొయ్యాలె.
రెండోసారివి మబ్బురంగు.
మూడోసారి ఊరినయి తాగాలె.
ఈ లెక్క ఎవలు చెప్పిన్రో యాదికి లేదు.

మా నాయిన ఆ ఇసుకనే నమ్ముకున్న మనిషి.
బాయిల బొగ్గు తీసినకాడ బొంద పడితే
పైన ఊరు కుంగకుండ
నీళ్లతోని ఇసుకను పైపులల్ల పంపి నింపేటోడు.
ఏం పని అని ఎవలన్న అడిగితే
"గోదారిని లోపటికి దింపుత" అనేటోడు.
రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి అర్ధరాత్రి.
లుంగీ మడతలల్ల ఇసుక,
చెవులల్ల ఇసుక,
అన్నం ముద్దల కరకర.
అమ్మ గిన్నె కింద పెట్టి ఆయన దిక్కు చూసేది
తిట్టాలన్నట్టు. తిట్టకపోయేది.

ఊర్ల గడియారాలు తక్కువ. సైరన్ ఒక్కటే.
అది కూస్తే బడికి, కూస్తే బువ్వకు.
తప్పుడు టైముకు కూస్తే
గల్లీల ఆడోల్లంత చెప్పులు మరిచి ఉరికేటోళ్లు.
ఆ ఉరుకుడు గురించి నేను రాయ.

నది గురించి రాస్త.

ఆరో తరగతి సెలవులల్ల
నేను, ఓదెలు, మెహరు
ఒక బిస్కెట్ల డబ్బా దొరికించుకున్నం.
అండ్ల ఓదెలువి తొమ్మిది గోటీలు,
మెహరువి పగిలిన గాజుముక్కలు,
నేను నాయిన టోకెన్ బిళ్ల వేసిన.
ఇత్తడిది, మీద నంబరు.
పోయిందని ఆయన అప్పటికే దండుగ కట్టిండు.
పెద్దగైనంక తీసుకుందమని పాతిపెట్టి
గుర్తుకు తుమ్మకొమ్మ గుచ్చినం.

తెల్లారి పోతే కొమ్మ లేదు.
కొమ్మ నిలవడ్డ జాగనే లేదు.
రాత్రంత కంపెనీ లారీలు తోడుకపోయినయి.
టైర్ల చారలు, పెద్ద బొంద,
అడుగున ఊరిన నీళ్లు,
అండ్ల ఒక కొంగ.

ఓదెలు ఏడ్చిండు, గోటీల కోసం.
మెహరు నవ్వింది, ఎందుకో.
నేను ఆ రాత్రి టోకెన్ సంగతి చెప్పి
వీపు చూపించి నిలవడ్డ.
కొట్టలే.
శానసేపు మెతుకులు కలుపుకుంట కూసొని
"జల్లెడల ఆగకపోతే
మూడో సీముకు పోయుంటది" అన్నడు.
"నా నంబరు నాకంటె ముందే డ్యూటీ ఎక్కింది, పోనీ."

ఇప్పుడు కింద బరాజు కట్టిన్రు.
నది ఏడాది పొడుగూత నిండుగ,
ఫోటోకు నిలవడ్డట్టు, కదలకుండ ఉంటది.
అందరు మంచిగైందంటరు. మంచిగనే ఉంది.
చెలిమె అంటే ఏందని నా బిడ్డ అడిగితే
గాలిల తవ్వి చూపించిన.
మెహరోల్ల నాయినకు బెల్లంపల్లి బదిలైంది, అంతే,
మళ్ల కనవడలే.
ఓదెలు అప్పుడప్పుడు గంపెడు వాలుగలతోని
నా బస్సే ఎక్కుతడు.
టిక్కెట్టు తియ్యడు.
తొమ్మిది గోటీలు బాకీ అంటడు.

ఆఖరి ట్రిప్పు దిగి
మార్కెట్ల నుంచి ఇంటికి నడుస్తుంటె
కాళ్ల కింద నేల గట్టిగనే ఉంటది.
ఎన్ని అడుగుల కిందనో,
చీకట్ల, తడి ఆరిందో లేదో,
మేం ఉరికిన గోదారి.
అండ్ల ఏడనో నాయిన నంబరు.

"కిలో ఎంతకు?" అనుకుంట
టమాటలు ఏరుత.
ఒక కాలి మీది బరువు
ఇంకో కాలి మీదికి మార్చుకుంట.