గాలి వాసన చూసే సోమవారం

పోర్ట్ సయీద్‌లో ఆరో నెల.
ఎండు నెత్తళ్ళు మూడు కవర్లలో చుట్టి
సూట్‌కేసు అడుగున, స్వెట్టర్ చేతిలో దాచాను.
వండిన రాత్రి తలుపు కింద తడి తువ్వాలు కుక్కి,
ఫ్యాను కిటికీ వైపు తిప్పి
దొంగలా తినేదాన్ని.

అలవాటే.
హైదరాబాదులో రెండు గదులు ఖాళీ చేయించింది ఈ వాసనే.
రెండో ఓనరు పెద్దమనిషి, కారణం చెప్పలేదు.
అగరొత్తులు వెలిగించాడు
కింది మెట్టు నుంచి నా గుమ్మం దాకా.

ఏప్రిల్లో ఒక ఆదివారం
ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు తొందరగా ఆగాయి.
రేపు సెలవన్నాడు రిఫ్‌అత్.
"ఎవరి పండగ? మీదా, గిర్గిస్ వాళ్ళదా?"
"గాలిది."
షమ్ ఎన్నసీమ్. గాలిని వాసన చూడ్డం.
నా అరబ్బీ తప్పేమో అనుకున్నాను.

ఇంటిదారిలో ముక్కుకి తగిలింది.
ఉప్పు. కుళ్ళు. సముద్రం.
ఒళ్ళు చల్లబడింది,
నా సూట్‌కేసు ఎవరో తెరిచేశారని.

కాదు, బజారు బజారంతా అదే కంపు.
చెక్కపీపాల్లోంచి తీస్తున్నారు
ఉప్పులో ఊరి ఊరి మెత్తబడ్డ బూడిదరంగు చేపలు.
వరసలో కోటు వేసుకున్న డాక్టరు,
గడ్డం షేకు, ఆయన వెనక
మణికట్టు మీద సిలువ పచ్చబొట్టున్న ముసలామె.
ఒక్కరూ ముక్కు మూసుకోవటం లేదు.
బేరమాడుతున్నారు.

రాత్రి తలుపు చప్పుడు.
పక్కింటి సిత్ ఇన్షిరాహ్.
నేను క్షమాపణకి మాట వెతుక్కునేలోపే
ఉల్లికాడల కట్ట చేతిలో పెట్టింది.
"దిండు కింద పెట్టుకో.
రేపు మొట్టమొదట నీ ముక్కుకి ఇదే తగలాలి."

తెల్లవారి
తువ్వాలు తీగ మీదే ఉంది.
తలుపు బార్లా తెరిచి
కారంలో వేయించాను, ఉన్నవన్నీ.

పోర్ట్ ఫుఆద్ ఫెర్రీ ఎక్కాం, ఆవిడా, మనవరాలు నూహా,
ఉల్లిపొట్టుతో ఉడికి తేనెరంగుకి తిరిగిన గుడ్లూ, నేనూ.
గడ్డి మీద దుప్పటి, దుప్పటి మీద న్యూస్‌పేపరు,
పేపరు మీద ఆ చేప.
నిమ్మకాయ పిండి మొదటి ముక్క నోట్లో పెట్టింది.
ఎన్నడూ చూడని చుట్టాన్ని
పోలికల్ని బట్టి పట్టేసినట్టు
పట్టేసింది నాలుక.

అప్పుడు నా డబ్బా మూత తీశాను.
సిత్ ఇన్షిరాహ్ వంగింది,
చటుక్కున వెనక్కి జరిగింది.
"యా సలామ్! ఇదేం కంపు, తల్లీ!"
చుట్టూ నాలుగు దుప్పట్లు ఘొల్లుమన్నాయి.
నూహా మాత్రం
రెండోది తీసుకుంది, మూడోదీ.

గాలి తిరిగింది.
కాలువలో మేడంత ఓడ మెల్లగా పోతోంది.
రెయిలింగు దగ్గర ఒక నావికుడు, ఏ దేశంవాడో,
మా వైపు తల తిప్పాడు.
ముక్కు మూసుకున్నాడో
గుండెనిండా పీల్చాడో
అంత దూరానికి కనపడలేదు.