మూడో గీత

మా ములకలచెరువులో హైబ్రిడ్ అంటే టమాటా.
లారీలో ఎంత దూరం పోయినా చితకదు,
చారులో వేస్తే మాత్రం పులుపెక్కదు.
ఇక్కడ ఇందిరానగర్ షోరూములో
హైబ్రిడ్ అంటే సైకిలట.
సన్న టైరు, తిన్నని హ్యాండిలు,
తారురోడ్డుకీ మట్టిబాటకీ మధ్యవర్తి.
"ఈ ఊళ్లో రెండూ ఒకటే కదా" అన్నాను.
అమ్మే పిల్లవాడు నవ్వలేదు.

చీటీ పాడితే చేతికొచ్చింది
పదహారు వేల నాలుగొందలు.
గాజు వెనక నీలంది
ఇరవై మూడు వేల తొమ్మిదొందల తొంభై తొమ్మిది.
ఆ ఒక్క రూపాయి ఎందుకు తగ్గిస్తారో
ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నా తెలియలేదు.
స్టాండు వేరే, తాళం వేరే, లైటు వేరే.
మడ్‌గార్డులు కూడానా?
వేరే, మేడం.
జూన్ నెలలో, బెంగళూరులో,
వీపు మీద బురద చార మాత్రం ఉచితం.

అయినా దాన్ని ముట్టుకున్నాను.
కొత్త రబ్బరు వాసన,
ఎవరి చెమటా ఇంకా అంటనిది.
నలభై మూడేళ్లలో నాకంటూ కొత్తగా వచ్చినవి లెక్కపెడితే
వేళ్లు మిగిలిపోతాయి.
అక్క గౌన్లు, అన్న జామెట్రీ బాక్సు,
ఆఖరికి ఆఫీసులో నా కుర్చీ కూడా
రాజీనామా చేసి పోయిన వాళ్లెవరిదో.
కొత్త వింత, పాత రోత అంటారు.
ఆ సామెత కట్టినవాళ్లు
చీటీ డబ్బుతో షోరూముకి పోయి ఉండరు.

ఆదివారం జబీవుల్లాను వెంటబెట్టుకుని
హూడి అవతల ఓ అపార్ట్‌మెంటు ఏడో అంతస్తుకి ఎక్కాను.
బాల్కనీలో ఉంది పాతది, బూడిద రంగు,
హ్యాండిలు మీద రెండు తడి తువ్వాళ్లు.
మందాకిని అనే ఆవిడ వాటిని తీసి మడత పెడుతూ
"పద్నాలుగు వేలు" అంది,
తువ్వాళ్లకి చెబుతున్నట్టు.

జబీవుల్లా చక్రం తిప్పి ఒంటి కన్నుతో చూశాడు.
వంకర లేదు.
చైను వేలితో ఎత్తాడు.
"ఇది పోయిందక్కా. ఎనిమిదొందలు."
తర్వాత జేబులోంచి రూపాయి బిళ్ల తీసి
ఫ్రేము పొడుగునా టక్కు టక్కుమని కొట్టుకుంటూ పోయాడు,
మా అవ్వ సంతలో కుండ కొట్టి చూసినట్టు.
పగులున్న చోట చప్పుడు అబద్ధమాడదు.
ఈ చివర నుంచి ఆ చివర దాకా
ఖంగుమంది.

సీటు కడ్డీ మీద ఓ ఎర్ర గీత, గోళ్ల రంగుతో గీసింది.
"మా ఎత్తు గుర్తు" అంది ఆవిడ.
తుప్పు చూద్దామని జబీవుల్లా కడ్డీ పైకి లాగితే
ఎరుపుకి నాలుగు వేళ్ల కింద,
ఇంతకాలం ఫ్రేము లోపలే దాక్కున్న నీలం గీత
తళతళా బయటికొచ్చింది.
ఎవరో పొడుగాటి మనిషిది.
ఆవిడ పంపు తెస్తానని లోపలికి పోయింది.
పంపు తేవడానికి చాలాసేపు పట్టింది.

చైను గురించి అడిగాను, బ్రేకుల గురించి అడిగాను.
నీలం గురించి అడగలేదు.
"పన్నెండున్నర" అన్నాను.
సరే అంది.
బేరమాడకుండా ఒప్పుకుంటే
కొన్నవాళ్లకి నిద్ర పట్టదు.

చైను, తాళం, లైటు, మడ్‌గార్డులు
అన్నీ పోను పన్నెండొందలు మిగిలాయి.
సీటు ఎరుపు కన్నా ఇంకా దించాలి నాకు.
గోళ్ల రంగు వేసే అలవాటు లేదు,
ఆఫీసు వైట్‌నర్‌తో గీశాను మూడో గీత,
జమాఖర్చుల్లో తప్పులు కప్పే తెలుపు.

సోమవారం టిన్ ఫ్యాక్టరీ దగ్గర
బస్సులన్నీ ఆగిపోయి మూలుగుతుంటే
అంచు పట్టుకుని నింపాదిగా సాగిపోయాను.
గుంతలో పడినప్పుడల్లా
లోపలి నీలానికి కూడా తగిలి ఉంటుంది.

అబద్ధమెందుకు,
సిగ్నల్ దగ్గర ఆ షోరూము గుర్తొచ్చింది.
నా బండిలో కొత్తగా కనబడేవి మడ్‌గార్డులే.
ఎవరూ చూడకుండా వంగి
వాసన చూశాను.