గడ్డి మీద ఇరవై డాలర్లు

నాలుగున్నర నెలల తాళం తీశారట.
రేడియో చెప్పీ చెప్పకముందే
గ్రీన్ బే అంతటా హారన్లు.
మూలింటి డెల్మర్ కొడుకు
జులై ఎండలో ఊలు టోపీ పెట్టుకుని
చెప్పుల్లేకుండా పరిగెత్తాడు.
మాంసం కొట్టు క్లీటస్ సాసేజ్‌లు ఊరికే పంచాడు.
కోటీశ్వరులు కొట్టుకుంటే మనకేంటని
నిన్నటిదాకా అన్నవాడే.

మా పక్కింటి లొరేన్ మాత్రం
బయటికొచ్చి గడ్డిని చూసుకుంది.
ఆట ఉన్న ఆదివారం
ఆ గడ్డి మీద పద్నాలుగు కార్లు నిలుస్తాయి,
ఆ డబ్బే ఆమెకు చలికాలపు గ్యాసు బిల్లు.
ఈసారి ఎవరొస్తారని కొయ్యలేదు,
మోకాలెత్తు పెరిగింది.

గరాజ్‌లోంచి కర్రకు కొట్టిన అట్ట తెచ్చింది.
ఒకవైపు పార్కింగ్ ధర.
రెండోవైపు నార్బర్ట్ చేతిరాత,
వెలిసిపోయినా చదవొచ్చు:
ఒప్పందం లేనిదే పని లేదు.
కాగితం మిల్లు గేటు ముందు
పదకొండు వారాలు మోశాడు దాన్ని.
అదీ తేలింది ఒక మంగళవారం,
గంటకు డాలరున్నర తక్కువకి.
ఆ రోజు ఈ వీధిలో
హారన్ కొట్టినవాళ్ళు లేరు.
నార్బర్ట్ బూట్లు తుడుచుకుని
తెల్లారి షిఫ్టుకి వెళ్ళాడు.

లొరేన్ అట్ట తిప్పింది.
ఇరవై కొట్టేసి పాతిక రాసింది.
అంతా అయ్యాక
తన పాత కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి
హారన్ నొక్కింది,
వదల్లేదు చాలాసేపు.

ఆట కోసమే అనుకుని
పిల్లాడు టోపీ ఊపాడు.
నేను కంచె మీంచి
గడ్డి కోసే మెషిన్ అందించాను.