ముక్కు కాడ సందు

ఫ్యాక్టరీ గేటు మూసి నాలుగు నెలలాయ.
గిరింపేట సందులో, జెరాక్స్ మిషన్ల పక్కన
హఫీజా నాకొక కుర్చీ వేసింది,
ఎత్తు చాలక దాని మీద పాత టెలిఫోన్ డైరెక్టరీ.

మా సంఘం తాండ్రకి లేబులు కావాల.
బొమ్మకి ఆరునూర్లు అడిగినాడు ఫ్లెక్సు అంగడాయన,
'బంగారుపాళ్యం'లో వొత్తు పోతే దిద్దేదానికి ఇంకో మున్నూరు.
అప్పుడనుకున్నా:
ఆ బాణం గుర్తు నా చేతికి మాత్రం లొంగదా?

బాణాలు రెండంట.
ఒకటి బొమ్మనంతా ఒక్క పట్టున ఎత్తుకుపోతుంది, మేస్త్రీ మాదిరి.
ఇంకొకటి లోపలికి పోయి
ఒక్కో చుక్కని విడిగా పలకరిస్తుంది.

"అది పెన్సిలు కాదక్కా," అంటుంది హఫీజా.
"చుక్క పెట్టు. వదలకుండా లాగు. ఇప్పుడు వదులు."
వదిలితే చుక్కకి రెండు పక్కలా మీసాలు మొలిచినాయి.
మీసం లాగితే గీత వంగతా ఉంది,
మీసాన్ని తాకకుండానే.

ఇది నాకు తెలుసు.
మెలిక ముగ్గులో చుక్క చుట్టూ తిరిగే పిండి
చుక్కని ఎప్పుడన్నా ముట్టుకునిందా?
తెలుసు కదా అనుకునే లోపల
మామిడికాయ గీయబోతే గుమ్మడికాయ వచ్చె.

కంట్రోలు, జెడ్డు. మళ్ళా కంట్రోలు, జెడ్డు.
నొక్కతా నొక్కతా పొద్దున్నించి చేసిందంతా పాయ,
తెల్ల కాగితం నన్ను చూసి నవ్వె.
ఫ్యాక్టరీలో ఇది ఉండుంటే
కత్తి జారిన రోజు నొక్కేదాన్ని,
ఎడమ బొటనవేలి కోసం ఒకసారి,
సూపర్వైజరుతో అన్న మాట కోసం ఇంకోసారి.
(వద్దులే, ఆ మాట ఉండనీ.)

మూడో వారం కాయ కుదిరింది.
ముప్పై ఒక్క చుక్క. అంచు ఎండ్రకాయ నడిచినట్టుంది.
హఫీజా లెక్కపెట్టి తల కొట్టుకునె:
"ఐదు చాలక్కా. వంపు తిరిగే కాడ ఒకటి పెట్టు,
ఊరికే పోయే గీతని మధ్యలో ఎందుకు పొడుస్తావు?"

ఒక్కోటి పెరికేసినా.
తీసే కొద్దీ కాయ నున్ననయింది.
తొమ్మిది సీజన్లు
బెంగుళూరా కాయని చూడకుండా తిప్పిన చెయ్యి ఇది.
తొడిమ కాడ బరువు, పొట్ట, ఆ తర్వాత సన్నబడి
చిలక ముక్కు మాదిరి లేచే కొస.
కత్తి యాడ ఆగాలో వేలికి తెలుసు.
చుక్కలూ ఆడనే పడినాయి. ఐదు.

ఇంక రంగు. పసుపు గడి మీద నొక్కినా.
ఏమీ కాలే. ఇంకోసారి. ఏమీ కాలే.
"ఎక్కడో సందుంది. మూయని గీతలో రంగు నిలవదు,"
అనేసి హఫీజా ఆధార్ జెరాక్సులకి లేచిపోయింది.

భూతద్దం గుర్తు పట్టుకుని అంచు వెంబడే పోయినా.
ఎంత దగ్గరికి పోయినా గీత గీతే,
చెదరదు, గళ్ళు పడదు.
నా ఫ్యాక్టరీ కార్డు ఫోటోని ఇట్లనే పెంచి చూసినా ఒకసారి:
నాలుగు గళ్ళు ముక్కు, రెండు గళ్ళు కన్ను,
మొగిలమ్మ అనే మనిషి యాడా లేదు.

తొడిమ కాడ లేదు. పొట్ట కాడ లేదు.
బయట తుఫాను వాన, షట్టరు మీద డబడబా.
ఐదు గంటల బస్సు పోయే ఉంటుంది.
ముక్కు కొసన, వెంట్రుక వాసి ఎడంలో
రెండు చుక్కలు ఎదురెదురుగా నిలబడి
కలిసినట్టు నటిస్తా ఉన్నాయి.

రెండింటినీ ఒక్క చుట్టులో పట్టి కలిపినా.

పసుపు పడింది.
డిసెంబరు నెలలో మే నెల పసుపు, ఒకే మారు,
అంచు దాటకుండా.
"హఫీజా," అని పిలిచినా.
జెరాక్స్ మిషను మోతకి ఇనపడలే.

ఫైలుకి పేరు పెట్టమనింది కంప్యూటరు.
సంఘం పేరు పెట్టాల్సింది.
'మొగిలి ఒకటి' అని కొట్టినా.
వొత్తులు రేపు నేర్చుకుంటా.